వచ్చిపోయే మచ్చ: జిరాక్స్ యంత్రం లోపాన్ని పట్టుకోవడం ఎలా?

పూర్తిగా ఆగిపోయిన జిరాక్స్ యంత్రం ఎవరినీ మోసం చేయదు. మీట నొక్కినా కాగితం రాదు, మెకానిక్ వస్తాడు, చెడిన భాగం మారుస్తాడు, పని మళ్లీ మొదలవుతుంది. చిక్కంతా అప్పుడప్పుడూ తప్పే యంత్రంతోనే. పొద్దున పది కాగితాలు వెలిసిపోయినట్టు వస్తాయి, పదకొండో కాగితం నుంచి అక్షరాలు నల్లగా నిండుగా పడతాయి. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి చూస్తే లోపం ఆనవాలు కూడా ఉండదు. డ్రమ్ము తుడిచి, రెండు కాగితాలు తీసి చూపించి వెళ్తాడు. మూడు రోజులకు మళ్లీ అదే మసక. అప్పుడు టోనర్ మారుస్తారు, ఆ తర్వాత డ్రమ్ము మారుస్తారు, చివరికి ఈ మిషన్ ఇంతేనని వదిలేస్తారు. శ్రీశైలంలో సత్రాల దగ్గరి దుకాణాల నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ ఆఫీసుల దాకా యంత్రం నడిపే వాళ్లలో ఈ వరస తెలియని వారు అరుదు. ఇది చిన్న విషయం కూడా కాదు. రైతు చేతిలోని పాసుపుస్తకం నకలులో సర్వే నంబరు సగం చెరిగితే, ఆధార్ నకలులో ఒక అంకె 3 అవునో 8 అవునో తేలకపోతే, ఆ మనిషి మళ్లీ బస్సెక్కి రావాల్సి వస్తుంది.

ఈ అధ్యాయంలో చెప్పదలచినది ఒక్కటే. వచ్చిపోయే లోపానికి కారణం లేదనుకోవడం తప్పు. దాని కారణానికి రెండు సగాలు ఉంటాయి. ఒక సగం యంత్రంలో ఉంటుంది: అరిగిన బ్లేడు, పాతబడిన డ్రమ్ము, మురికి పట్టిన గ్లాసు. రెండో సగం యంత్రం చుట్టూ ఉంటుంది: గాలిలో తేమ, కాగితంలో తడి, కరెంటు వోల్టేజి, గది చల్లదనం. రెండూ ఒకచోట కలిసినప్పుడే కాగితం పాడవుతుంది. మొదటి సగం రోజూ ఉండేదే. వచ్చిపోయేది రెండోదే. కాబట్టి ఏ భాగం చెడింది అని అడగడానికి ముందు, లోపంతో పాటు ఏది వస్తోంది, లోపంతో పాటు ఏది పోతోంది అని అడగాలి. మన ప్రాంతంలో ఆ ప్రశ్న ఎక్కువసార్లు నీటి దగ్గరికే తీసుకెళ్తుంది.

ఆవేశం మీద ఆధారపడ్డ అచ్చు

నీటికీ జిరాక్స్ యంత్రానికీ ఉన్న వైరం దాని పుట్టుకలోనే ఉంది. 1938 అక్టోబరు 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై కలిసి మొదటి నకలు తీశారు. గంధకం పూసిన జింకు పలకను చేతిరుమాలుతో రుద్దారు. అలా రుద్దితే గంధకం మీద స్థిర విద్యుత్తు, అంటే విద్యుదావేశం చేరుతుంది. తేదీ, ఊరి పేరు రాసిన గాజు ముక్కను దాని మీద పెట్టి వెలుతురు పడనిచ్చారు. వెలుతురు పడినచోట ఆవేశం పోయింది, అక్షరాల నీడ ఉన్నచోట నిలిచింది. లైకోపోడియం అనే మెత్తని పొడి చల్లి, అదనపు పొడి ఊదేస్తే అక్షరాలు తేలాయి. వాటిని మైనపు కాగితం మీదికి అద్ది, వేడి చేసి అంటించారు. దీనికి 1942లో పేటెంటు వచ్చింది. 1959లో జిరాక్స్ 914 యంత్రం బయటికి వచ్చాక ప్రపంచమంతా ఆఫీసు పని తీరు మారింది. మన దేశంలో 1983లో మోడీ జిరాక్స్ సంస్థ ఏర్పడ్డాక ఆ కంపెనీ పేరే ఇక్కడ నకలుకు మారుపేరైంది.

నేటి యంత్రం లోపల జరిగేది కూడా అదే పని. డ్రమ్ము మీద చీకట్లో ఆవేశాన్ని పట్టి ఉంచే, వెలుతురు తగిలితే వదిలేసే పూత ఉంటుంది. ఛార్జి రోలరు గానీ కరోనా తీగ గానీ ఆ పూత మీద కొన్ని వందల వోల్టుల ఆవేశాన్ని సమంగా పరుస్తుంది. లేజరు కిరణం అక్షరాల బొమ్మను దాని మీద గీస్తుంది. మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని టోనర్ రేణువులు ఒరిపిడితో ఆవేశం పొంది ఆ బొమ్మకు అంటుకుంటాయి. కాగితం వెనక నుంచి వ్యతిరేక ఆవేశం లాగితే టోనర్ డ్రమ్మును వదిలి కాగితం మీదికి దూకుతుంది. ఫ్యూజర్ దాదాపు రెండు వందల డిగ్రీల వేడితో, ఒత్తిడితో దాన్ని కరిగించి అంటిస్తుంది. మిగిలిన పొడిని బ్లేడు గీకేస్తుంది. చివరి రెండు దశలు తప్ప మిగతావన్నీ ఆవేశం నిలవడం మీద, లేదా సరైన వేళ కదలడం మీద ఆధారపడ్డవే. ఆవేశం నిలవాలంటే చుట్టూ పొడిగా ఉండాలి. ఏ తలం మీదైనా కంటికి కనిపించనంత పలచని నీటి పొర చేరితే చాలు, ఆవేశం జారిపోవడానికి దారి దొరుకుతుంది.

ఒకే జిల్లాలో రెండు గాలులు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా ఈ విషయం అర్థం చేసుకోవడానికి అనువైన చోటు. ఒకవైపు నల్లమల అడవుల మధ్య, కృష్ణానది లోయకు పైన, పెద్ద జలాశయం పక్కన శ్రీశైలం. మరోవైపు కుందూ నది పారే నల్లరేగడి మైదానంలో నంద్యాల, ఆళ్లగడ్డ. వానాకాలంలో కొండ మీద గాలి తేమతో బరువెక్కుతుంది. ఎండాకాలంలో మైదానంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి గాలి ఎండిపోతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ యంత్రం ఈ రెండు చోట్లా ఒకేలా నడవాలని ఆశించలేం.

ఒక లెక్క చూడండి. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం సాపేక్ష తేమ ఉన్న వానాకాలపు రోజున గాలి మంచుబిందు ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. అంటే 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువుకు ఆ గాలి తగిలినా దాని మీద నీరు పడుతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దాకా చల్లబడ్డ యంత్రం ఉందనుకుందాం. ఏసీ ఆపి, కిటికీలు తెరిస్తే లోపలి అద్దాలు, లేజరు దారిలోని గాజు, డ్రమ్ము అన్నీ 26 కంటే చల్లగానే ఉన్నాయి కాబట్టి వాటి మీద ఆవిరి పడుతుంది. అచ్చు మసకేస్తుంది. అరగంట, గంట గడిచాక యంత్రం వేడెక్కి ఆ తడి ఆరిపోతుంది, అచ్చు బాగవుతుంది. ఇప్పుడు నంద్యాల ఏప్రిల్ మధ్యాహ్నం తీసుకోండి. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే మంచుబిందువు 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏ ఏసీ గదిలోని యంత్రమూ అంత చల్లబడదు. అక్కడ ఆవిరి పట్టే ప్రశ్నే లేదు.

అయితే మైదానంలో ఎండాకాలం తేమ సమస్య ఉండదని అనుకోకూడదు. అక్కడ నీటిని మనమే తెచ్చిపెడతాం. చాలా ఆఫీసుల్లో ఏసీకి బదులు కూలర్ ఉంటుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది కాబట్టి దాని ముందు నిలిచిన గాలిలో తేమ బాగా పెరుగుతుంది. ఆ గాలి నేరుగా కాగితాల ట్రే మీదికి కొడితే, బయట ఊరంతా ఎండిపోతున్నా యంత్రం మాత్రం వానాకాలంలోనే ఉన్నట్టు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మొదలై, సాయంత్రం కూలర్ ఆపాక పోయే మసక అచ్చుకు ఇదే కారణం కావచ్చు. గది తేమ ఎంతో తెలియకుండా వాతావరణ వార్తల్లో చెప్పే తేమతో తీర్పు ఇవ్వడం ఇందుకే సరికాదు.

గాలి కంటే ముఖ్యమైనది కాగితం. మామూలు గది తేమలో కాగితం బరువులో సుమారు 5 శాతం నీరు ఉంటుంది. ముసురు రోజుల్లో విప్పి పెట్టిన కాగితంలో అది దాదాపు రెట్టింపు కావచ్చు. నీరు పెరిగేకొద్దీ కాగితం విద్యుత్ నిరోధం వేల రెట్లు పడిపోతుంది. కాగితం వెనక పెట్టిన ఆవేశం టోనర్‌ను లాగడానికి బదులు తడి కాగితం గుండా పక్కనున్న లోహపు భాగాల్లోకి జారిపోతుంది. టోనర్ కొంత డ్రమ్ము మీదే మిగిలి, కాగితం మీద వెలిసిన మరకలు కనిపిస్తాయి. ఇంకో మాట గమనించాలి. ట్రేలో రాత్రంతా ఉన్న కాగితాల్లో పైవాటికే గాలి ఎక్కువ తగులుతుంది, అడుగునవి పొడిగానే ఉంటాయి. అందుకే పొద్దున మొదటి కొన్ని కాగితాలు పాడై, తర్వాతివి బాగా వస్తాయి. యంత్రం వేడెక్కి తనంతట తాను బాగైందని అందరూ అనుకుంటారు. నిజానికి తడిసిన కాగితాలు అయిపోయి ఉండవచ్చు.

తడి కాగితం ఫ్యూజర్‌నూ ఇబ్బంది పెడుతుంది. 75 జిఎస్ఎం ఎ4 కాగితం బరువు సుమారు 4.7 గ్రాములు. తేమ 5 నుంచి 10 శాతానికి పెరిగితే ఒక్కో కాగితంలో అదనంగా దాదాపు పావు గ్రాము నీరు చేరుతుంది. దాన్ని వేడెక్కించి ఆవిరి చేయడానికి 600 జౌళ్ల వరకు శక్తి కావాలి. నిమిషానికి ముప్పై కాగితాలు తీసే యంత్రంలో అది 300 వాట్లతో సమానం. ఆ నీరంతా ఫ్యూజర్ దగ్గరే ఆవిరి కాదు. సగమే అయినా 150 వాట్ల వేడి టోనర్‌ను కరిగించాల్సిన పని మాని నీటి వెంట పోయినట్టే. అప్పుడు అక్షరం నల్లగానే ఉంటుంది, వేలితో రుద్దితే రాలిపోతుంది.

తేమ దెబ్బతీసే మరో చోటు డ్రమ్ము. ఆవేశం పరిచే చోట అధిక వోల్టేజి వల్ల గాలిలో ఓజోన్, నత్రజని ఆక్సైడ్లు పుడతాయి. అవి డ్రమ్ము మీద కంటికి కనబడని పొరగా చేరతాయి. పొడి గాలిలో ఆ పొర వల్ల పెద్ద నష్టం లేదు. తేమ పెరిగితే అది నీటిని పీల్చి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. డ్రమ్ము మీది బొమ్మ పక్కలకు పాకి, అక్షరాలు అలికినట్టు పడతాయి. తేమ గల ప్రాంతాల కోసం చేసిన కొన్ని యంత్రాల్లో దీన్ని ఆపడానికే డ్రమ్ము దగ్గర, కాగితాల ట్రే దగ్గర చిన్న హీటర్లు అమరుస్తారు. అలాంటి యంత్రాల్లో అవి యంత్రం ఆపి ఉంచిన వేళ, అంటే రాత్రి పని చేయడానికే పెట్టినవి. ఆఫీసు మూసేటప్పుడు గోడ స్విచ్ కూడా ఆపేస్తే వాటికి కరెంటే అందదు. జాగ్రత్త అనుకుని చేసిన పనే మరునాటి పొద్దుటి మసకకు కారణమవుతుంది.

చెడిన కాగితమే సాక్షి

ఇంతవరకు చెప్పింది కారణాల గురించి. ఒక యంత్రంలో ఏ కారణం పని చేస్తోందో తేల్చాలంటే చెడిన కాగితాన్ని చదవడం నేర్చుకోవాలి. చెడిన కాగితాన్ని నలిపి చెత్తబుట్టలో వేయడం అంటే ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ పారేయడమే.

మొదట చూడాల్సింది మచ్చ మళ్లీ మళ్లీ పడుతోందా అని. తిరిగే ప్రతి భాగం తన చుట్టుకొలతకు ఒకసారి తన మచ్చను వేస్తుంది. చుట్టుకొలత అంటే వ్యాసాన్ని 3.14తో గుణించినంత. 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము మీద గాటు ఉంటే మచ్చ ప్రతి 94 మిల్లీమీటర్లకు పడుతుంది. 297 మిల్లీమీటర్ల పొడవున్న ఎ4 కాగితం మీద మూడుసార్లు కనిపిస్తుంది. 12 మిల్లీమీటర్ల ఛార్జి రోలరుదైతే ప్రతి 38 మిల్లీమీటర్లకు. స్కేలు పెట్టి కొలిస్తే చాలు, ఏ భాగాన్ని అనుమానించాలో, ఏ భాగాలను వదిలేయాలో తెలుస్తుంది. కాగితం నడిచే దిశలో పొడవాటి గీత పడితే, కదలకుండా ఒకేచోట ఉండే దేన్నో అనుమానించాలి: బ్లేడు, లేజరు గాజు, స్కానర్ గ్లాసు. దూరం కుదరని, ఆకారం కుదరని వెలిసిన మరకలైతే కాగితాన్ని, ఆవేశం మార్పిడి జరిగే చోటును అనుమానించాలి. అక్షరం నిండుగా ఉండి రుద్దితే రాలితే ఫ్యూజర్‌ను. వెలిసిపోయి ఉన్నా రుద్దితే చెదరకపోతే ఫ్యూజర్‌ను పూర్తిగా వదిలేయవచ్చు.

తర్వాతి పని యంత్రాన్ని సగాలుగా విడదీసి వెతకడం. నకలులో లోపం ఉంది, కంప్యూటర్ నుంచి తీసిన ప్రింటులో లేదు అంటే లోపం స్కానర్ వైపు ఉంది. రెండింటిలోనూ ఉంటే అచ్చువేసే వైపు. స్కానర్ వైపు అయితే, పైనున్న ఫీడర్‌లో పెట్టి ఒకటి, గ్లాసు మీద పెట్టి ఒకటి తీయాలి. ఫీడర్ నుంచి తీసినప్పుడే నల్లగీత పడితే, పెద్ద గ్లాసు పక్కనున్న సన్నని గాజుపట్టీ మీద వైట్నర్ చుక్కో జిగురో ఉందన్నమాట. అచ్చు వైపు అయితే, కాగితం ఫ్యూజర్‌కు చేరకముందే యంత్రాన్ని ఆపి, మూత తెరిచి కాగితాన్ని చూడాలి. మచ్చ అప్పటికే ఉంటే ఫ్యూజర్ తప్పేమీ లేదు. కాగితాన్ని అనుమానిస్తే, అప్పుడే విప్పిన రీములోని కాగితం ఒక ట్రేలో, పాత కాగితం మరో ట్రేలో పెట్టి, ఒకటి విడిచి ఒకటి తీయాలి. లోపం కాగితం వెంట పోతే యంత్రాన్ని విప్పే పనే లేదు. ప్రతి అడుగులోనూ ఒక్కటే మార్చాలన్నది ఇక్కడి నియమం. టోనర్, డ్రమ్ము, కాగితం ఒకేరోజు మారిస్తే లోపం పోయినా దేనివల్ల పోయిందో తెలియదు.

మూడోది రాసిపెట్టడం. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పంట తెగుళ్లను చదివే శాస్త్రజ్ఞులు తెగులు సోకిన ఆకును మాత్రమే చూసి ఊరుకోరు. ఆ వారం వేడి ఎంత, తేమ ఎంత, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడింది అన్న లెక్కతో కలిపి చూస్తారు. తెగులు పుట్టించే శిలీంధ్రం పొలంలో ఉన్నా, అనువైన తేమ వచ్చినప్పుడే అది విజృంభిస్తుందని వారికి తెలుసు. యంత్రం లోపానికీ ఇదే చూపు కావాలి. చెడిన ప్రతి కాగితం వెనక తేదీ, గంట, ఏ ట్రే, ఆ పూట ఎన్నో కాగితం, ఏసీ లేదా కూలర్ నడుస్తోందా, గదిలో తేమ ఎంత అని రాయాలి. తేమ చూపే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అంతే ముఖ్యంగా, బాగా వచ్చిన రోజుల తేమ కూడా రాయాలి. చెడిన రోజుల లెక్క మాత్రమే ఉంటే, తేమ 85 శాతం ఉన్నప్పుడు లోపం వచ్చిందని తెలుస్తుంది గానీ, 85 శాతం ఉండీ లోపం రాని రోజులు ఎన్నో తెలియదు. రెండూ పక్కపక్కన లేకుండా ఏ కారణమూ రుజువు కాదు.

అభ్యంతరాలు

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఖర్చు గురించి. ఇంత పరిశీలన చేసే తీరిక ఎవరికుంది, డ్రమ్ము మార్చేస్తే పోలేదా అంటారు. సీజనులో వరసగా గిరాకీ ఉన్న దుకాణంలో ఈ మాటకు బరువుంది. శివరాత్రి, ఉగాది రోజుల్లో శ్రీశైలంలో జనం వరసలో నిలబడి ఉండగా ప్రయోగాలు చేయమని ఎవరూ చెప్పరు. కానీ భాగం మార్చడం కూడా ఒక ప్రయోగమే, అదీ ఖరీదైన ప్రయోగం. వచ్చిపోయే లోపంలో ఒక మాయ ఉంది. బాగా ముదిరినప్పుడే మనం మెకానిక్‌ను పిలుస్తాం. ముదిరినది ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను అప్పుడే మార్చిన భాగం ఖాతాలో వేస్తాం. అలా పనికిరాని మరమ్మతుకు పేరొస్తుంది, మంచి డ్రమ్ము చెత్తలోకి పోతుంది. చెడిన కాగితం వెనక ఒక వరస రాయడానికి పట్టే సమయంతో పోలిస్తే ఇదే పెద్ద ఖర్చు.

రెండో అభ్యంతరం కరెంటు. మన దగ్గర వోల్టేజి నిలకడగా ఉండదు, అసలు దోషం అదే అంటారు. ఇందులో నిజం ఉంది, కొంతమేరకే. శ్రీశైలం జలాశయం రెండు గట్ల మీదా కలిపి 1,670 మెగావాట్ల విద్యుత్ కేంద్రాలు ఉన్నా, ఒక దుకాణానికి అందే వోల్టేజి దాని వీధి ట్రాన్స్‌ఫార్మరు మీద, లైను పొడవు మీద ఆధారపడుతుంది. 230 వోల్టులు 190కి పడితే ఫ్యూజర్ హీటరు శక్తి పావు నుంచి మూడో వంతు దాకా తగ్గవచ్చు. అయితే డ్రమ్ముకు, రోలర్లకు అందే అధిక వోల్టేజిని యంత్రంలోని విద్యుత్ సరఫరా విభాగం స్థిరంగా ఉంచుతుంది; బయట కొంత తగ్గినా దానికి లెక్క లేదు. కాబట్టి వోల్టేజి దోషమైతే అక్షరాలు రుద్దితే రాలాలి. అక్షరాలు వెలిసిపోయి ఉండి, రుద్దితే చెదరకపోతే స్టెబిలైజర్ కొని లాభం లేదు. ఒక వేలితో చేసే పరీక్ష ఈ వాదనను తేలుస్తుంది.

మూడో అభ్యంతరం యంత్రం తెలివి గురించి. ఈనాటి యంత్రాలు కంప్యూటర్లే కదా, లోపం ఉంటే తెర మీద కోడ్ చూపించాలి అంటారు. కోడ్ వచ్చేది సెన్సర్ కొలిచే విషయాలకే: కాగితం ఇరుక్కోవడం, ఫ్యూజర్ వేడి తగ్గడం, మోటారు తిరగకపోవడం. చాలా ఆఫీసు యంత్రాల్లో బయటికి వచ్చిన కాగితాన్ని చూసే కన్ను లేదు. కొన్ని యంత్రాలు మధ్యమధ్యలో డ్రమ్ము మీదో బెల్టు మీదో ఒక పరీక్ష గుర్తు వేసి దాని నలుపును కొలుస్తాయి. అది టోనర్ సరిపోయిందా అని చెబుతుంది గానీ, ఆ టోనర్ తడి కాగితం మీదికి చేరిందా అని చెప్పదు. కాగితాన్ని చూసే పని మనిషిదే.

నాలుగో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. అన్నిటికీ తేమే కారణమంటే అదీ ఒక మూఢనమ్మకమే కదా అని. ఔను, తేమ దగ్గరే ఆగిపోతే అది కూడా టోనర్ మార్చడం లాంటి అలవాటే అవుతుంది. ఆళ్లగడ్డలో శిల్పులు రాయి చెక్కే వీధుల్లో సన్నని రాతిపొడి గాలిలో ఉంటుంది. అది స్కానర్ అద్దం మీద, బ్లేడు అంచున చేరితే పడే గీతలకు తేమతో సంబంధం లేదు. ఇంకా దూరపు ఉదాహరణ 2013 నాటిది. జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ క్రీజెల్ ఒక భవనం ప్లాను స్కాన్ చేస్తే, మూడు వేర్వేరు గదుల వైశాల్యం మూడుచోట్లా 14.13 చదరపు మీటర్లుగా అచ్చయింది. అంకెలు స్పష్టంగా ఉన్నాయి, కానీ తప్పు. బొమ్మను కుదించే పద్ధతి ఒకేలా కనిపించే చిన్న ముక్కల్లో ఒకదాన్ని తీసి మరోదాని చోట పెట్టేసిందని ఆయన తేల్చారు. అక్షరం సైజు, స్కాన్ నాణ్యత, కుదింపు తీరు కలిసి వచ్చినప్పుడే అది జరిగేది. అందరికీ కనిపించేలా దాన్ని మళ్లీ మళ్లీ జరిపి చూపగలిగారు కాబట్టే జిరాక్స్ సంస్థ సాఫ్ట్‌వేర్ సవరణ ఇచ్చింది. ఇక్కడ నీరు లేదు, కానీ సూత్రం అదే: లోపాన్ని రప్పించే పరిస్థితి ఏమిటో చెప్పగలిగిన రోజే లోపం దొరికినట్టు. తేమ మన ప్రాంతంలో మొదటి అనుమానితుడు. తీర్పు మాత్రం లెక్క చెప్పాలి.

బాగైందని ఎప్పుడు అనాలి?

మరమ్మతు చేశాక పది కాగితాలు తీసి, బాగున్నాయి కాబట్టి లోపం పోయిందనడం మన అలవాటు. ఈ అలవాటు ఎంత బలహీనమో గణితం చెబుతుంది. లోపం సగటున ఇరవై కాగితాలకు ఒకసారి వస్తోందనుకుందాం. అంటే ఒక్కో కాగితం బాగా వచ్చే అవకాశం 95 శాతం. ఏ మరమ్మతూ చేయకపోయినా వరసగా పది కాగితాలు బాగా వచ్చే అవకాశం సుమారు 60 శాతం. ఇరవై బాగా వచ్చే అవకాశం 36 శాతం. అరవై కాగితాలు వరసగా బాగా వస్తే మాత్రం అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం 5 శాతం కంటే తగ్గుతుంది. సులువుగా గుర్తు పెట్టుకోవాలంటే: లోపం ఎన్నిటికి ఒకసారి వస్తుందో, దానికి మూడింతలు బాగా వచ్చాకే నమ్మాలి.

ఈ లెక్కలో ఒక షరతు ఉంది. ఒక కాగితం చెడడానికీ తర్వాతి కాగితం చెడడానికీ సంబంధం లేదని అది అనుకుంటుంది. మన లోపం అలాంటిది కాదు. అది ముసురు పొద్దుల్లో గుంపుగా వస్తుంది, పొడి మధ్యాహ్నాల్లో అసలు రాదు. అందుకని ఎండ కాసిన మధ్యాహ్నం ఆరువందల కాగితాలు తీసినా రుజువయ్యేది ఏమీ లేదు. ఇక్కడ లెక్కపెట్టాల్సింది కాగితాలను కాదు, పొద్దులను. మూడు ముసురు పొద్దుల్లో ఒకసారి లోపం వస్తుంటే, అలాంటి పొద్దులే తొమ్మిది లోపం లేకుండా గడవాలి. జూలైలో చేసిన మరమ్మతు సంగతి ఆగస్టు, సెప్టెంబరు వానల్లోనే తేలుతుంది. ఇంకా త్వరగా తేల్చుకోవాలంటే పరిస్థితిని మనమే కల్పించాలి: కొన్ని కాగితాలను తేమ గాలిలో రాత్రంతా పరిచి ఉంచి, పొద్దున వాటినీ కొత్త రీములోని కాగితాలనూ ఒకదాని తర్వాత ఒకటి తీసి చూడాలి.

ఇదంతా పెద్ద ప్రయోగశాల పని కాదు. రీమును వాడే రోజే విప్పడం, మిగిలిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో మూసి ఉంచడం, కూలర్ గాలిని యంత్రం మీదినుంచి మళ్లించడం, యంత్రంలో హీటరు ఉంటే రాత్రి గోడ స్విచ్ ఆపకపోవడం, ఏసీ గదిలో చల్లబడ్డ యంత్రాన్ని తేమ గాలిలో పెట్టినప్పుడు కాసేపు ఆగి వాడడం. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇవి చేశాక కూడా లోపం మిగిలితే, అప్పుడు యంత్రాన్ని విప్పాలి, అదీ చెడిన కాగితం చూపిన భాగం దగ్గర. ఆఫీసుల్లో, దుకాణాల్లో యంత్రం నడిపే ప్రతి ఒక్కరికీ ఒక మనవి: ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు ముందు యంత్రాన్ని చూపించకండి. తేదీ, గంట, ట్రే, తేమ వెనక రాసి దాచిన చెడిన కాగితాలను చూపించండి. వాటితో పాటు బాగా వచ్చిన రోజుల లెక్క కూడా అతని చేతిలో పెట్టండి.